సెప్టిక్ ట్యాంకు

మరుగుదొడ్డి నుండి వచ్చు మలినజలము సెప్టిక్ ట్యాంకులో మూడు పొరలుగా నిలుచును. మడ్డి అడుగునకు దిగును. జిడ్డు తెట్టెగా తేలును. నడిమి నీరు మాత్రమే ఇంకుడుగుంతకు పోవును. గాలి అక్కరలేని సూక్ష్మజీవులు మడ్డిని కొంత జీర్ణింపజేయును. యాసిడ్ విరివిగా పోయు గృహస్థులు శుభ్రత పేర వానినే చంపుకొనుచున్నారు. జీర్ణము కాని మడ్డి ఏటేట పెరుగును. తెల్లని గుడ్డ చుట్టిన పొడవైన కర్రను అడుగుదాక దింపి తీసినచో, అంటిన నల్లని మరక దాని మట్టమును తెలుపును. మడ్డియు తెట్టెయు కలిసి మూడవవంతు నిండినచో, పీల్చు యంత్రముగల బండితో తోడింపవలెను. ఇట్టి అవసరము సాధారణముగా రెండు మూడేండ్లకొకమారు కలుగును.

లోనికి మాత్రము మనుష్యుని దింపరాదు. అందలి హైడ్రోజన్ సల్ఫైడు కుళ్లిన గ్రుడ్ల వాసన గలది. అది మిక్కుటమైనచో ముక్కునకు వాసనయే తెలియదు. రక్షణ సాధనములు లేక దింపుటను 2013 నాటి చట్టము నిషేధించినది. ఐనను, మొదట దిగినవాడు కూలగా, వానిని లాగబోయి దిగిన రెండవవాడును మరణించుట పలుమారు జరిగినది.