పదమూడు జట్ల కొసరు ఆటగాడు

కదిరి నుంచి మదనపల్లె వెళ్లే రోడ్డు తనకల్లు మీదుగానే పోతుంది. వాన మొహం చాటేసిన ఏడాది, వేరుశనగ కాయ గింజ పట్టని ఏడాది, ఆ రోడ్డు మీద బస్సుల్లో మూటలు ఎక్కువగా కనిపిస్తాయి. కొందరు బెంగళూరుకు. కొందరు కేరళకు. ఈ నెల ఒక మేస్త్రీ దగ్గర, వచ్చే నెల ఇంకో మేస్త్రీ దగ్గర. పని ఉన్నన్నాళ్లూ ఉంటారు, లేకపోతే మూట కడతారు. వాళ్లకు వలస అంటే ఏమిటో ఎవరూ వివరించక్కర్లేదు.

కానీ కోట్లు తీసుకుంటూ కూడా ఇలాగే మూట కట్టేవాళ్లున్నారంటే నమ్ముతారా?

ఇష్ స్మిత్ అలాంటివాడే. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో పదమూడు జట్లకు ఆడాడు. లీగులో ఉన్నవే ముప్ఫై జట్లు. అంటే ఇంచుమించు సగం! అంతకుముందు పన్నెండు జట్లతో చకీ బ్రౌన్, జిమ్ జాక్సన్, టోనీ మాసెన్‌బర్గ్, జో స్మిత్ రికార్డు పంచుకునేవారు. 2022లో ఇష్ వాళ్లను దాటేశాడు. ఎవరూ కోరుకోని రికార్డు ఇది. అందరూ కోరుకుంటే వచ్చిందా, ఎవరూ ఉంచుకోకపోతే వచ్చిందా అంటే... రెండూ నిజమే.

అరవైలో లేని పేరు

ఇష్ పూర్తి పేరు ఇష్మాయెల్. 1988 జులై 5న నార్త్ కరోలినాలోని షార్లెట్‌లో పుట్టాడు. ఆ పక్కనే ఉన్న కాంకర్డ్‌లో పెరిగాడు. ఎత్తు ఆరడుగులు. మన ఊళ్లో పొడగరే. ఆ లీగులో మాత్రం పొట్టివాడి కింద లెక్క. అయితే అతను చదివిన వేక్ ఫారెస్ట్ విశ్వవిద్యాలయానికి పొట్టివాళ్లు కొత్త కాదు. ఐదడుగుల మూడంగుళాల మగ్సీ బోగ్స్ అక్కడి నుంచే వెళ్లి ఎన్‌బీఏను ఏలాడు.

ఏటా డ్రాఫ్ట్ పేరుతో జట్లు కొత్త కుర్రాళ్లను ఎంచుకుంటాయి. 2010లో అరవై మందిని ఎంచుకున్నారు. ఆ అరవైలో ఇష్ పేరు లేదు. ఎలాగోలా హ్యూస్టన్ జట్టులో చోటు దొరికింది. అతను ఆడే స్థానం పాయింట్ గార్డ్. పెళ్లి పంక్తిలో వడ్డించేవాడి పనిలాంటిది. ఎవరి విస్తరిలో ఏం తక్కువైందో చూసి బంతి అందించాలి. ఆ పనికి కావలసిన వేగం ఇష్ కాళ్లలో ఉంది. దూరం నుంచి గురిచూసి వేసే షాట్ మాత్రం అంతంతమాత్రం. ఆ లోటే అతన్ని ఏ గూటిలోనూ కుదురుకోనివ్వలేదు.

ఫిబ్రవరి గండం

ఎన్‌బీఏలో ఆటగాడిని ఒక జట్టు ఇంకో జట్టుకు ఇచ్చేయొచ్చు. దాన్ని ట్రేడ్ అంటారు. మన దగ్గర టీచర్లకు బదిలీ అంటే కౌన్సెలింగ్ ఉంటుంది, ఖాళీల జాబితా ఉంటుంది. ఇష్‌లాంటి వాళ్లకు అవేమీ ఉండవు. ఫోన్ వస్తుంది, ఇంకో నగరంలో రిపోర్ట్ చేయాలి. సీజన్ మధ్యలో ట్రేడ్‌కు ఆఖరి గడువు మామూలుగా ఫిబ్రవరిలో పడుతుంది. ఇష్ జాతకంలో గండమంతా ఆ నెలలోనే ఉన్నట్టుంది.

2011 ఫిబ్రవరిలో మెంఫిస్ జట్టుకు షేన్ బాటియే కావలసి వచ్చాడు. హ్యూస్టన్ అతన్నిస్తూ ఇష్‌ను కూడా కలిపింది. 2013 ఫిబ్రవరిలో మిల్వాకీకి జేజే రెడిక్ కావలసి వచ్చాడు. ఓర్లాండో అతనితోపాటు ఇష్‌ను పంపింది. అదే ఏడాది ఆగస్టులో మిల్వాకీకి కారన్ బట్లర్ కావలసి వచ్చాడు. బదులుగా ఫీనిక్స్‌కు వెళ్లిన ఇద్దరిలో ఇష్ ఒకడు. కూరగాయలు కొన్నాక గుప్పెడు పచ్చిమిర్చి కొసరు వేయించుకుంటాం చూడండి, అలాగన్నమాట. బేరం ఎప్పుడూ ఇంకొకరి కోసమే. ఇష్ కొసరు.

దీని వెనక ఓ లెక్క ఉంది. జట్టు జీతాలకు లీగ్ పరిమితి పెడుతుంది. అందుకే చాలా ట్రేడ్‌లలో ఇచ్చే జీతాలూ పుచ్చుకునే జీతాలూ తూకం సరిపోవాలి. పెద్ద ఆటగాడు కదిలితే తూకానికి చిన్నవాళ్లూ కదులుతారు. జట్టులో రెగ్యులర్ స్థానాలు పదిహేనే కాబట్టి కొత్తవాడు వస్తే పాతవాడు దిగాలి. జట్టు వదిలేసిన ఆటగాడిని 48 గంటల్లో మిగతా జట్లేవైనా తీసుకోవచ్చు. అదీ జరగకపోతే పది రోజుల కాంట్రాక్టులున్నాయి! ఒక సీజన్లో ఒకే జట్టు రెండుసార్లు ఇవ్వొచ్చు. ఆ తర్వాత సీజన్ చివరిదాకా ఉంచుకోవాలి, లేదా పంపేయాలి. అంత ధనిక లీగులో పది రోజుల కూలీ ఉందంటే విడ్డూరమే మరి.

సున్నాకిచ్చి కొనుక్కున్నారు

ఇష్ కథలో అసలు మలుపు ఫిలడెల్ఫియాలో. 2015 ఫిబ్రవరిలో (మళ్లీ ఫిబ్రవరే) ఓక్లహోమా సిటీ అతన్ని న్యూఆర్లియన్స్‌కు ఇచ్చేసింది. వాళ్లు వెంటనే వదిలేశారు. ఫిలడెల్ఫియా తీసుకుంది. సీజన్ అయ్యాక ఆ జట్టూ అట్టే పెట్టుకోలేదు. వాషింగ్టన్ పిలిచింది, మ్యాచ్‌లు మొదలయ్యే ముందు వద్దంది. చివరకు న్యూఆర్లియన్స్‌లో తేలాడు.

ఈలోగా ఫిలడెల్ఫియా కొత్త సీజన్లో 31 మ్యాచ్‌లాడి ఒక్కటి గెలిచింది. కుర్రాళ్లున్నారు గానీ బంతి అందించేవాడు లేడు. అప్పుడు గుర్తొచ్చాడు ఇష్. ఊరికే వదిలేసిన మనిషిని 2015 డిసెంబరు 24న రెండు భవిష్యత్ డ్రాఫ్ట్ అవకాశాలు చెల్లించి వెనక్కి తెచ్చుకున్నారు. ఈసారి కొసరు కాదు, బేరమే అతనిది. రెండు రోజుల తర్వాత ఫీనిక్స్ మీద ఆడాడు. జట్టు గెలిచింది! ఆ సీజన్లో ఫిలడెల్ఫియా గెలిచినవి మొత్తం పదే. అందులో తొమ్మిది అతను వచ్చాకే. పది గెలుపులు, 72 ఓటములంటే ఘోరమే. కానీ ఆ తొమ్మిదీ లేకపోతే ఎలా ఉండేదో ఊహించుకోవచ్చు.

ఫలితం 2016లో దక్కింది. డెట్రాయిట్ మూడేళ్లకు కోటీ 80 లక్షల డాలర్ల కాంట్రాక్టు ఇచ్చింది. అప్పటి లెక్కన సుమారు 120 కోట్ల రూపాయలు. ఆ మూడేళ్లూ ఒకేచోట ఉన్నాడు. ఆ తర్వాత, ఒకప్పుడు వద్దన్న వాషింగ్టనే పిలిచి రెండేళ్లు ఆడించుకుంది.

మనవాళ్ల సంగతి

మన దేశంలో బాస్కెట్‌బాల్ ఆడే కుర్రాడికి ఇంట్లో ఎదురయ్యే మొదటి ప్రశ్న 'స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం వస్తుందా?' అని. రైల్వే, సర్వీసెస్, ఓఎన్‌జీసీ, ఇండియన్ ఓవర్సీస్ బ్యాంక్... ఆటకు అన్నం పెట్టినవి ఇవే. ఒకసారి చేరితే రిటైరయ్యే దాకా భరోసా. ఇష్‌కు లేనిదీ, మనవాళ్లకు ఉన్నదీ అదే. 2015లో మొదలైన యూబీఏ లీగులో హైదరాబాద్ స్కై పేరుతో మనకూ ఓ జట్టు ఉండేది. ఆ లీగ్ రెండేళ్లు దాటి నడవలేదు.

బయటికెళ్లి మూట మోసిన మనవాళ్లలో పంజాబ్ వాళ్లున్నారు. అమ్‌జ్యోత్ సింగ్ జపాన్‌లో ఆడి, 2017లో ఎన్‌బీఏకు అనుబంధమైన జీ లీగ్‌లో ఓక్లహోమా సిటీ బ్లూకు చేరాడు. అదే ఏడాది అమృత్‌పాల్ సింగ్ ఆస్ట్రేలియాలో సిడ్నీ కింగ్స్‌కు వెళ్లాడు. 2015 డ్రాఫ్ట్‌లో డల్లాస్ ఎంచుకున్న సత్నామ్ సింగ్‌కు అసలు లీగులో ఒక్క మ్యాచ్ ఆడే అవకాశమూ రాలేదు. ఆ తలుపు సందులో కాలు పెట్టి నిలబడటమే ఎంత కష్టమో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇంటికొచ్చి... మళ్లీ రోడ్డెక్కి

2021లో ఇష్‌ను పుట్టిన ఊరి జట్టే తీసుకుంది. అది అతనికి పన్నెండో జట్టు. ముప్ఫై మూడేళ్ల వయసులో షార్లెట్ జెర్సీ! వలస తీరిందనిపించింది. ఆర్నెల్లు గడిచాయి. 2022 ఫిబ్రవరి 10న షార్లెట్‌కు మాంట్రెజ్ హారెల్ కావలసి వచ్చాడు. ఇష్ మళ్లీ వాషింగ్టన్‌కు వెళ్లాడు. ఆ వేసవిలోనే డెన్వర్‌కు కెంటావియస్ కాల్డ్‌వెల్ పోప్ మీద మనసైంది. కొసరు ఎవరో చెప్పక్కర్లేదు.

అయితే ఈ కొసరు అతన్ని చేర్చిన చోటు వేరు. డెన్వర్‌లో నికోలా యోకిచ్ ఉన్నాడు. 2023 జూన్ 12న మయామీని 4-1తో ఓడించి డెన్వర్ తొలిసారి ఛాంపియన్ అయింది. ఫైనల్లో ఇష్ పాత్ర దాదాపు లేదు, బెంచీ మీదే కూర్చున్నాడు. 1995 డ్రాఫ్ట్‌లో అందరికంటే ముందు ఎంపికైన జో స్మిత్, పన్నెండు జట్లు తిరిగీ ఒక్క టైటిల్ గెలవలేదు. ఏ జట్టూ ఎంచుకోని ఇష్‌కు పదమూడో ఊళ్లో అది దక్కింది.

2023-24 సీజన్లో షార్లెట్ మళ్లీ కబురు పెట్టింది. అతని పద్నాలుగో సీజన్ అది. జట్ల లెక్క మాత్రం పదమూడు దగ్గరే ఆగింది. షార్లెట్ అందులో ముందే ఉంది కదా!