వాల్‌నట్‌లో ఆ ‘వాల్’ ఎవరు? వేల్స్ పేరు వెనకున్న కథ

ఈ ఎపిసోడ్‌లో ఒకే ఒక్క మాట వెంట పడదాం. అది మీ డ్రైఫ్రూట్స్ డబ్బాలో కూడా ఉంది. వాల్‌నట్. మనం అక్రోట్ అంటాం కదా, అదే. నట్ అంటే ఓకే, మరి ‘వాల్’ ఏంటి? గోడ మాత్రం కాదు. పాత ఇంగ్లీష్‌లో దానర్థం ‘పరాయి’. అక్కడివాళ్ళకి చుట్టుపక్కల దొరికేది హేజెల్‌నట్. ఇదేమో రోమన్ల వైపు నుంచి వచ్చింది కాబట్టి ‘పరాయి కాయ’ అన్నారు.

ఇప్పుడు అసలు ట్విస్ట్. వేల్స్ అనే దేశం ఉంది కదా, ఫుట్‌బాల్ చూసేవాళ్ళకి గారెత్ బేల్ దేశం, ఆ పేరులో ఉన్నదీ ఇదే మాట. అంటే వేల్స్ అంటే ‘పరాయివాళ్ళు’. ఎవరి ఊళ్ళో పరాయివాళ్ళు? వాళ్ళ సొంత ఊళ్ళోనే!

ఇది ఎలా జరిగిందో తెలియాలంటే రెండు వేల ఏళ్ళకి పైనే వెనక్కి వెళ్ళాలి. యూరప్‌లో రెండు పెద్ద భాషా కుటుంబాలు పక్కపక్కనే ఉండేవి. ఒకటి కెల్టిక్, ఇప్పటి వెల్ష్, ఐరిష్ దాని పిల్లలు. రెండోది జర్మానిక్, దాంట్లోంచే ఇంగ్లీష్, జర్మన్, డచ్ వచ్చాయి. జర్మానిక్ వాళ్ళకి పొరుగున వోల్కే అనే ఒక కెల్టిక్ తెగ ఉండేది. జూలియస్ సీజర్ తన యుద్ధాల పుస్తకంలో వీళ్ళ గురించి రాశాడు. జర్మానిక్ వాళ్ళు ఏం చేశారంటే, ఆ ఒక్క తెగ పేరుని కెల్ట్‌లందరికీ తగిలించేశారు. ఢిల్లీ వెళ్తే మనందర్నీ ‘మద్రాసీ’ అనేవారు చూడండి, సేమ్ అదే.

అలా పుట్టిన మాట ‘వల్హజ్’. దీన్ని ఎవరూ ఎక్కడా రాసిపెట్టలేదు. తర్వాతి భాషల్ని పోల్చి లెక్కగట్టిన రూపం ఇది. మరి వోల్కే నుంచే వచ్చిందని ఎలా చెప్తారు? సౌండ్స్ దగ్గర కాస్త సారూప్యం ఉంటే సరిపోతుందా అంటే, సరిపోదు. వాట్సాప్ ఫార్వర్డ్‌లకీ భాషాశాస్త్రానికీ తేడా ఇక్కడే. 1822లో యాకోబ్ గ్రిమ్ (అవును, పిల్లల కథల గ్రిమ్ బ్రదర్సే, అన్నగారు) ఒక రూల్ చూపించాడు. పాత ‘క’ శబ్దం జర్మానిక్‌లో ‘హ’ అయిపోతుంది. లాటిన్‌లో కొమ్ముని ‘కోర్ను’ అంటే ఇంగ్లీష్‌లో ‘హార్న్’. ఇంకో రూల్, పొట్టి ‘ఒ’ కాస్తా ‘అ’ అవుతుంది. లాటిన్‌లో ఎనిమిది ‘ఒక్టో’, జర్మన్‌లో ‘అఖ్ట్’. రెండు మార్పులూ అందులోనే కనిపిస్తున్నాయి. ఇప్పుడు ‘వోల్క్’ మీద ఈ రెండూ రన్ చేయండి. ‘వల్హ్’ వస్తుంది. ఇంకో విషయం కూడా తేలింది. క, హగా మారకముందే ఈ మాట జర్మానిక్‌లోకి వచ్చేసింది. లేకపోతే ఆ మార్పు దీనికి పట్టేదే కాదు. గిట్ హిస్టరీలో ఏ కమిట్ ముందు, ఏది వెనక అని చూసినట్టు అన్నమాట. నాకైతే మొత్తం టాపిక్‌లో బాగా నచ్చిన పాయింట్ ఇదే.

తర్వాత సీజర్ గాల్ దేశాన్ని గెలిచాడు. అక్కడి కెల్ట్‌లు మెల్లగా లాటిన్‌కి మారిపోయారు. మనుషుల భాష మారింది కానీ పొరుగువాళ్ళు పిలిచే పేరు మారలేదు. దాంతో ‘వల్హ్’ అంటే ‘రోమన్’ అనే అర్థం వచ్చింది. బెల్జియంలో ఫ్రెంచ్ మాట్లాడే వలోనియా పేరు ఇదే. జర్మన్ల దగ్గర్నుంచి స్లావ్‌లు అప్పు తెచ్చుకున్నారు, అందుకే పోలండ్ వాళ్ళ భాషలో ఇటలీకి ఈ మాటే పేరు. డ్రాక్యులా కథలకి పేరిచ్చిన వ్లాద్ పాలించిన వలేకియా కూడా ఇదే.

బ్రిటన్‌లో మాత్రం కథ సీరియస్. 5వ శతాబ్దంలో ఆంగ్లులు, శాక్సన్లు సముద్రం దాటి వచ్చారు. అక్కడ ముందునుంచీ ఉన్న కెల్టిక్ బ్రిటన్లని ‘వేయల్హ్’ అన్నారు. వచ్చినవాళ్ళు లోకల్, ఉన్నవాళ్ళు పరాయి! కొంతకాలానికి ఆ మాటకి ‘బానిస’ అనే అర్థం కూడా వచ్చింది. 7వ శతాబ్దం చివర్లో వెసెక్స్ రాజు ఇనె చట్టాలు చూడండి. మనిషిని చంపితే వాళ్ళ కుటుంబానికి కట్టాల్సిన రేటు అందులో ఉంది. మామూలు ఇంగ్లీష్ రైతుకి 200 షిల్లింగులు. ఒక హైడ్, అంటే ఒక కుటుంబానికి సరిపడా భూమి ఉన్న వేయల్హ్‌కి 120. భూమి లేకపోతే 60. డేటాబేస్‌లో ఒక్క ఫీల్డ్ తేడా, ప్రాణం ఖరీదు సగానికి దగ్గరగా పడిపోయింది. కార్న్‌వాల్ చివర్లో ఉన్న ‘వాల్’, విలియం వాలెస్ ఇంటిపేరు, ఇవన్నీ ఆ లేబుల్ మిగిల్చినవే.

మరి వాళ్ళు తమని తాము ఏమని పిలుచుకున్నారు? ‘కమ్‌రి’. పాత రూపం ‘కోమ్‌బ్రోగి’. ‘కోమ్’ అంటే కలిసి, ‘బ్రోగ్’ అంటే నేల. ఒకే నేల మనుషులు, మనవాళ్ళు. ఇదే ‘బ్రోగ్’తో గాల్‌లో ఇంకో తెగ పేరుంది, అలోబ్రోగెస్. దానర్థం ‘వేరే నేలవాళ్ళు’. కెల్ట్‌లకి కూడా మనవాళ్ళు, పరాయివాళ్ళు అనే లెక్క బాగానే ఉంది మరి.

వాళ్ళేం తక్కువ తినలేదు కూడా. వెల్ష్‌లో ఇంగ్లీష్‌వాళ్ళు ‘సైసన్’, అంటే శాక్సన్లు. ఆంగ్లులు ఏమైపోయారు? వాళ్ళనీ అందులోనే కలిపేశారు. ఇలాంటిది మన దాకా కూడా వచ్చింది. ఫ్రాంకులు అనే జర్మానిక్ తెగ పేరుని అరబ్బులు, పారశీకులు యూరప్ వాళ్ళందరికీ వాడారు, ‘ఫిరంగీ’ అని. తెలుగులోకి వచ్చేసరికి వాళ్ళు తెచ్చిన పెద్ద తుపాకీ పేరైపోయింది, ఫిరంగి!

ఇప్పుడు వేల్స్‌లో పేర్లు వెనక్కి తిరుగుతున్నాయి. 2022 నవంబర్‌లో స్నోడన్ పర్వతం ఉన్న నేషనల్ పార్క్, దాన్ని ‘అర్ విద్వ’ అనే వెల్ష్ పేరుతోనే పిలవాలని నిర్ణయించింది. 2023 ఏప్రిల్‌లో బ్రెకన్ బీకన్స్ పార్క్ కూడా వెల్ష్ పేరుకే మారింది. దేశం పేరు వెల్ష్‌లో రాస్తే చివర ‘యు’ ఉంటుంది, జనం పేరుకి ‘వై’. పలకడం మాత్రం రెండూ ఒకటే. కాబట్టి ఈసారి మ్యాచ్‌లో ఎర్ర డ్రాగన్ జెండా మీద ఆ పేరు కనిపిస్తే ‘సిమ్రూ’ అనకండి. కమ్‌రి.