ఎవరికి ఓటేశావో వాళ్లకు తెలుస్తుందా? 1952 నుంచి ఇప్పటి దాకా

ఈ ఎపిసోడ్ శంషాబాద్‌లో షూట్ చేస్తున్నా. పైన ఫ్లైట్లు దిగుతున్నాయి, మధ్యలో సౌండ్ వస్తే ఏమనుకోకండి.

ఇక్కడ ఎయిర్‌పోర్ట్ క్యాబ్ నడిపే ఫ్రెండ్ ఒకడున్నాడు నాకు. మొన్న ఎలక్షన్ల టైంలో వాళ్ల బస్తీకి ఒక లోకల్ లీడర్ మనుషులు వచ్చారట. "ఏ బూత్‌లో ఎన్ని పడ్డాయో మాకు తెలుస్తది, తర్వాత చూసుకుంటం" అని ఒక్క మాట అనేసి పోయారు. కొట్టలేదు, తిట్టలేదు. మావాడు మాత్రం ఆ రోజు ఓటు మానేసి ట్రిప్పులు కొట్టుకున్నాడు. "ఎందుకన్నా ఈ లొల్లి" అన్నాడు నాతో.

వాడిది ఉత్త భయమేనా? జవాబు కోసం కాస్త వెనక్కి వెళ్దాం.

1948 దాకా ఇదంతా నిజాం రాజ్యం. మామూలు రైతుకూ కూలీకీ ఓటు అనే మాటే లేదు. ఆఖరి ఏడాది రజాకార్ల దాడులు. 1948 ఆగస్టులో ఇమ్రోజ్ పత్రిక ఎడిటర్ షోయబుల్లా ఖాన్‌ను హైదరాబాద్‌లోనే చంపేశారు. అదే నెలలో బైరాన్‌పల్లి ఊచకోత జరిగింది. సెప్టెంబర్‌లో భారత సైన్యం వచ్చింది, నిజాం సైన్యం లొంగిపోయింది. అక్కడితో శాంతి వచ్చిందా? రాలేదు. ఆ తర్వాత ముస్లింల మీద జరిగిన హింసలో 27 వేల నుంచి 40 వేల మంది దాకా చనిపోయి ఉంటారని సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. ఇటు నల్గొండ, వరంగల్ ఊళ్లలో కమ్యూనిస్టు దళాలకూ సైన్యానికీ పోరు సాగుతూనే ఉంది. పగలు ఒకరి భయం, రాత్రి ఇంకొకరి భయం. 1951 అక్టోబర్‌లో గానీ పార్టీ సాయుధ పోరాటాన్ని విరమించలేదు.

కొన్ని నెలలు తిరిగేసరికి ఆ ఊళ్లలోనే పోలింగ్ పెట్టారు! దేశం మొత్తానికి అది మొదటి జనరల్ ఎలక్షన్. ఓటర్లు 17 కోట్లకు పైనే. చాలామందికి చదువు రాదు. అందుకే ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె పెట్టి, దాని మీద గుర్తు అంటించారు. కాంగ్రెస్‌ది కాడెద్దుల జోడి. పేపర్ మీద ముద్ర కూడా వేయక్కర్లేదు. తెర చాటుకు వెళ్లి, నచ్చిన పెట్టెలో చీటీ వేసి రావడమే.

ఆ తెర ఎంత పని చేసిందో రిజల్ట్ చూస్తే తెలుస్తుంది. హైదరాబాద్ రాష్ట్రంలో కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఉంది. వాళ్లు పీడీఎఫ్ పేరుతో నిలబడ్డారు. నల్గొండ నుంచి రావి నారాయణ రెడ్డి 3 లక్షలకు పైగా ఓట్లతో లోక్‌సభకు గెలిచారు, నెహ్రూకు వచ్చిన వాటికన్నా ఎక్కువ. జైలుకు వెళ్లొచ్చిన ఆరుట్ల కమలాదేవి ఆలేరులో గెలిచారు. అసెంబ్లీలో 175 సీట్లకు కాంగ్రెస్‌కు 93, పీడీఎఫ్‌కు 42. ఇక్కణ్నుంచి బెంగళూరు హైవే మీద ముందుకు పోతే షాద్‌నగర్ వస్తుంది కదా, అక్కడ గెలిచిన బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రి అయ్యారు. అంటే నిన్నటి దాకా తుపాకులు పట్టుకుని ఎదురెదురుగా నిలబడ్డవాళ్లు ఒకే సభలో కూర్చున్నారు.

ఇప్పుడు మావాడి దగ్గరకు వద్దాం. బటన్ నొక్కాక వీవీప్యాట్ చీటీ 7 సెకన్లు కనిపించి లోపలి డబ్బాలో పడిపోతుంది. దాని మీద నీ పేరు ఉండదు. నువ్వు ఎవరికి వేశావో ఏ లీడర్‌కూ తెలియదు.

కానీ ఆ మనుషులు అన్నది పూర్తిగా అబద్ధం కూడా కాదు. ఏ బూత్‌లో ఎవరికి ఎన్ని పడ్డాయో తెలుస్తుంది, ఎందుకంటే లెక్కింపు బూత్ వారీగానే జరుగుతుంది. బ్యాలెట్ పేపర్ల కాలంలో వేర్వేరు బూత్‌ల ఓట్లు కలిపి లెక్కపెట్టే వీలుండేది. ఈవీఎంలకూ అలాంటి పని చేసే టోటలైజర్ అనే పరికరం పెడదామని ఎలక్షన్ కమిషన్ అడిగింది. 2015లో లా కమిషన్ కూడా సరేనంది. కేంద్ర ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఇదేమీ చిన్న విషయం కాదు. 1999లో తూర్పు తైమూర్‌లో మిలీషియాల బెదిరింపుల మధ్య ఓటింగ్ జరిగితే, ఏ ఊరు ఎటు వేసిందో తెలియకూడదని ఓట్లన్నీ రాజధాని దిలీకి తెచ్చి కలిపి లెక్కపెట్టారు.

కాబట్టి మావాడి భయానికి రెండు భాగాలు. "నన్ను కనిపెడతారు" అన్నది తప్పు. "మా బస్తీని గుర్తుపెట్టుకుంటారు" అన్నది నిజమే కావచ్చు. కానీ ఒక్కటి ఆలోచించండి. భయపడినవాళ్లంతా ఇంట్లో కూర్చుంటే, ఆ బూత్ లెక్కలో మిగిలేది బెదిరించినవాళ్ల ఓట్లే కదా?

ఇంకో ముఖ్యమైన మాట, ఫోన్ గురించి. "ఓటేసిన ఫొటో పంపు" అని ఎవరైనా అడిగితే అస్సలు పంపొద్దు. రహస్య ఓటు బలం ఎక్కడుందంటే, నువ్వు కావాలన్నా రుజువు చూపించలేవు. రుజువు లేకపోతే కొనేవాడికీ నమ్మకం ఉండదు, బెదిరించేవాడికీ ఉండదు. ఫొటో తీశావంటే ఆ తెరను నీ చేత్తో నువ్వే చింపుకున్నట్టు. బూత్ లోపలికి ఫోన్ తీసుకెళ్లకూడదన్న రూల్ అందుకే.

ఓటు కోసం బెదిరించడం నేరం, ఏడాది దాకా జైలు పడొచ్చు. ఎన్నికల టైంలో సీ విజిల్‌లో వీడియో పెట్టొచ్చు, 1950కి కాల్ చేయొచ్చు.

ఇదంతా మావాడికి చెప్పా. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "అన్నా, ఈసారి పొద్దున్నే వేసొచ్చి ట్రిప్ ఎక్కుతా" అన్నాడు. మీ ఏరియాలో ఇలాంటివి జరిగితే కామెంట్‌లో చెప్పండి, పేర్లు మాత్రం వద్దు. మళ్లీ ఎపిసోడ్‌లో కలుద్దాం.