తెర మీది కత్తి... కొలిమిలోని కత్తి!

కత్తి అనగానే మన ప్రేక్షకుడికి ముందుగా గుర్తొచ్చేది కాంతారావు! జానపద చిత్రాల్లో ఆయన తిప్పిన కత్తి జనం మనసుల్లో ఎంతగా నాటుకుందంటే, 'కత్తి కాంతారావు' అన్నదే ఆయన పేరైపోయింది. విఠలాచార్య గారి సినిమా చూసొచ్చిన పిల్లలు కొబ్బరి మట్టలు పట్టుకుని వీధిలో యుద్ధాలు చేసేవారు. మట్ట విరిగితే యుద్ధం అయిపోయేది. మర్నాటికి సరదా కూడా తీరిపోయేది.

కానీ తెర మీద కత్తిని చూసి, 'ఇలాంటిది నా చేత్తో నేనే చేసుకుంటే?' అని పట్టుబట్టిన ప్రేక్షకుడు ఒకడున్నాడు. పేరు గిల్ హిబ్బెన్. ఊరు మనది కాదు లెండి, అమెరికా!

టిక్కెట్టు కొన్నవాడి కత్తి తెరకెక్కింది!

1952లో 'ది ఐరన్ మిస్ట్రెస్' అనే హాలీవుడ్ చిత్రం వచ్చింది. అందులో అలన్ లాడ్ హీరో. జిమ్ బౌయీ అనే సాహసికుడి కథ. ఆకాశం నుంచి రాలిన ఉల్క ముక్కని ఉక్కులో కలిపి కమ్మరి అతనికో కత్తి చేసిస్తాడు. ఆ సన్నివేశం చూసి ఎందరో కుర్రాళ్లకి కత్తుల పిచ్చి పట్టుకుంది. వాళ్లలో హిబ్బెన్ ఒకడు. 1957లో తన మొదటి బౌయీ కత్తి తనే చేసుకున్నాడు.

సరిగ్గా 31 ఏళ్లు గడిచాయి. 1988లో 'రాంబో 3' విడుదలైంది. సిల్వెస్టర్ స్టాలోన్ చేతిలో తళతళలాడిన ఆ కత్తి ఎవరు చేశారనుకున్నారు? హిబ్బెనే! హాల్లో కూర్చుని కత్తిని చూసి ముచ్చటపడ్డ కుర్రాడి కత్తిని ఇప్పుడు ప్రపంచమంతా హాళ్లలో కూర్చుని చూసింది.

అంతకుముందు 'ఫస్ట్ బ్లడ్' (1982), దాని రెండో భాగం (1985) చిత్రాలకి కత్తులు చేసినవాడు జిమ్మీ లైల్. వీపు మీద రంపపు పళ్లు, లోపల బోలుగా ఉండే పిడి, పిడి మూతలో దిక్సూచి... ఆ కత్తికి హీరోతో సమానంగా అభిమానులున్నారు. దాన్ని చూసి చవక నకళ్లు బజార్లలో కుప్పలుగా దిగాయి. చూపుకి అచ్చం అదే! గట్టిగా నాలుగు దెబ్బలు వేస్తే మాత్రం అలుగు ఒకచోట, పిడి ఒకచోట!

అసలుకీ నకలుకీ తేడా ఎక్కడుంది? ఆకారంలో లేదు. నిప్పులో ఉంది.

ఇందులో రీటేక్ లేదు

సరదాగా కత్తులు చేసేవాళ్లు చాలామంది పాత ఆకురాయితోనో, లారీ కమాను పట్టీతోనో మొదలెడతారు. రెండూ మంచి ఉక్కే. ముందు దాన్ని ఎర్రగా కాల్చి, బూడిదలో పూడ్చి, మెల్లగా చల్లారనిస్తారు. అప్పుడది మెత్తబడి మాట వింటుంది. ఆపైన బొమ్మ గీసుకోవడం, కోయడం, రాయడం, పిడి మేకులకి చిల్లులు వేయడం. అంచుని ఇప్పుడే పదునుగా చేయకూడదు, నాణెం మందాన వదిలేయాలి.

తర్వాత అసలు ఘట్టం! అలుగుని మళ్లీ కొలిమిలో పెడతారు. ఉక్కు సుమారు 770 డిగ్రీల సెంటీగ్రేడు వేడెక్కేసరికి అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తుంది. థర్మామీటరు లేని పేదవాడికి అదే గుర్తు! ఇంకొంచెం వేడెక్కనిచ్చి, తీసి, గోరువెచ్చని నూనెలో ముంచాలి. వేడి ఒక్కసారిగా దిగిపోవడంతో ఉక్కు లోపలి అమరిక మారి గట్టిపడుతుంది. కొన్ని క్షణాల పని. అలుగు వంకరపోవచ్చు, చీలిపోనూవచ్చు. చీలిందా, వారాల కష్టం తుక్కులోకే! సినిమాలోలాగా 'వన్ మోర్' అనేవాడు ఉండడు.

గట్టిపడ్డ అలుగు గాజులా పెళుసుగా ఉంటుంది. అందుకని సుమారు 200 డిగ్రీల దగ్గర గంటకి పైగా, రెండుసార్లు, ఓవెన్‌లో కాస్తారు. ఎండుగడ్డి రంగు వచ్చిందంటే పెళుసుతనం తగ్గిందన్నమాట. ఆ తర్వాతే పిడి, ఆ తర్వాతే సాన.

ఈ సంగతులన్నీ చదివి ఈ వ్యాసకర్త కూడా ఊరుకోలేదు! ఓ పాత ఆకురాయి తీసుకుని మూడు ఆదివారాలు అరచేతులు బొబ్బలెక్కేలా రాశాను. చివరికి ఏం చేశానో తెలుసా? సినిమాల్లో చూపించినట్టు బకెట్టు నీళ్లలో ముంచాను. 'చుయ్' మంది. ఆ వెంటనే 'టింగ్' మంది! అలుగు మధ్యలో వెంట్రుకంత చీలిక.

కొలిమి అరువిచ్చిన ముసలి కమ్మరి నవ్వలేదు.

"తాతా, ఏం తప్పు చేశాను?" అన్నాను.

"మూడు వారాలు ఓపిక పట్టావు బాబూ, మూడు నిమిషాలు పట్టలేకపోయావు. నూనె డబ్బా పక్కనే ఉందిగా? అడిగితే చెప్పేవాణ్ని కాదూ!" అన్నాడు.

ఆ చీలిన అలుగు ఇప్పటికీ నా బల్ల మీదే ఉంది.

అసలైన క్లైమాక్సు

అమెరికాలో 1976లో బిల్ మొరాన్ అనే కమ్మరి మరికొందరితో కలిసి కత్తుల కమ్మరులకి ఓ సంఘం పెట్టాడు. అందులో గుర్తింపు కావాలంటే పరీక్ష పాసవ్వాలి. తాను చేసిన ఒకే ఒక్క కత్తితో ముందుగా వేలాడుతున్న అంగుళం మందం తాడుని ఒక్క వేటుకి తెగ్గొట్టాలి. తర్వాత దుంగలాంటి చెక్కని రెండుసార్లు నరకాలి. నరికాక కూడా అదే అంచుతో చేతి మీది వెంట్రుకలు గొరగాలి! చివరికి అలుగుని బెంచికి బిగించి 90 డిగ్రీలు వంచుతారు, విరగకూడదు. పదునుకి గట్టితనం కావాలి, వంగడానికి మెత్తదనం కావాలి. రెండూ ఒకే ఇనుములో ఉండాలి. ఏ ఫైట్ మాస్టరు కంపోజ్ చేస్తాడు చెప్పండి, ఇలాంటి క్లైమాక్సు!

మన కోనసముద్రం మాట

ఇదంతా పరాయి దేశపు వేడుక అనుకుంటున్నారా? ఒక్క నిమిషం! లోకం అబ్బురపడిన డమాస్కస్ కత్తుల ఉక్కు తయారైన చోట్లలో మన నిజామాబాదు జిల్లా కోనసముద్రం ఒకటి. మట్టి మూసల్లో కరిగించి మెల్లగా చల్లార్చిన ఆ ఉక్కు ముద్దల కోసం పర్షియా వర్తకులు అక్కడిదాకా వచ్చేవారు. 1820లలో వాయ్సీ అనే ఆంగ్లేయుడు వెళ్లి, చూసి, రాసి పెట్టాడు. ఇంగ్లీషువాళ్లు ఆ ఉక్కుని 'వూట్జ్' అన్నారు. ఆ మాట మన దక్షిణాది 'ఉక్కు' నుంచే పుట్టిందని పండితులంటారు.

తర్వాత ఆ విద్య మరుగున పడిపోయింది. దాని గుట్టు వెదికినవాళ్లలో ఫ్లోరిడాలో గుర్రాలకి నాడాలు కొట్టుకునే ఆల్‌ఫ్రెడ్ పెండ్రే ఒకడు! జాన్ వెర్‌హోవెన్ అనే లోహశాస్త్ర ఆచార్యుడితో కలిసి ఏళ్ల తరబడి ముద్దలు కరిగించాడు. ఖనిజంలో అతి స్వల్పంగా ఉండే వనాడియం లాంటి మూలకాల వల్లే ఆ కత్తుల మీద నీటి అలల్లాంటి గీతలు వస్తాయని 1998లో వాళ్లు ప్రకటించారు. మన కమ్మరులకి వనాడియం పేరు తెలియదు. చేయడం మాత్రం తెలుసు!

కుర్రాళ్లూ, ఒక్కమాట! సరదా ఉంటే వంటింటి కత్తితో మొదలెట్టండి. కళ్లకి అద్దాలు, ముక్కుకి గుడ్డ మరవకండి. నూనె భగ్గుమంటుంది, పెద్దవాళ్లు పక్కన లేకుండా కొలిమి దగ్గరికి పోకండి. ఇల్లు, పొలం లాంటి పనులకి కాకుండా 9 అంగుళాలకి మించిన పొడవో, 2 అంగుళాలకి మించిన వెడల్పో ఉన్న అలుగు చేస్తే ఆయుధాల చట్టం అడ్డొస్తుంది. రాంబో వేషం వీధిలో వేశారో, కటౌట్ కాదు, కటకటాలే!

అమ్మ చేతికి ఓ చిన్న కూరల కత్తి చేసివ్వండి. టమాటా మీద పెట్టగానే జారిపోకుండా దిగిందా... మీ సినిమా హిట్టే!