గనికప్పు చెప్పే మాట

సంతలో కుండ కొనేటప్పుడు అమ్మ ఏం చేస్తుంది? వేలితో తట్టి చూస్తుంది. ఖంగున మోగితే డబ్బిస్తుంది. బొద్దుగా పలికితే కింద పెట్టేస్తుంది. కంటికి కనిపించని పగులు చెవికి తెలిసిపోతుంది.

గోదావరిఖనిలో భూమి లోపల కూడా ఇదే పని జరుగుతుంది. అక్కడివాళ్ళు బొగ్గుగనిని ‘బాయి’ అంటారు. బొగ్గు తీసేసిన చోట నెత్తిమీద రాతికప్పు మిగులుతుంది. మైనింగు సర్దారు ఇనపకడ్డీతో ఆ కప్పును తట్టి వింటాడు. రాయి గట్టిగా ఉంటే ఖణేలుమంటుంది. పొర విడిపోయి ఉంటే డొల్లగా పలుకుతుంది. ఒక్కొక్కప్పుడు కూలబోయే ముందు కప్పే చిటచిటమంటుంది, దానికి ఆనించిన దుంగలు కిర్రుమంటాయి. టోపీదీపం వెలుగు పడినంత మేరే కన్ను చూస్తుంది. ఆ వెలుగు దాటి కాపలా కాసేది చెవే.

అటువంటి చెవిని చెడగొట్టేది కూడా గనిలోనే ఉన్నది. సింగరేణి బాయిల్లో ఒకప్పుడు తట్టా చెమ్మాసుతో బొగ్గు ఎత్తేవారు. తరవాత యంత్రాలు వచ్చాయి. 2014లో రామగుండం దగ్గరి అడ్రియాల గనిలో బ్రహ్మాండమైన కోతయంత్రం పనికి దిగింది. నడుములు విరిగే చాకిరీ తగ్గింది, మంచిదే. కాని చప్పుడు పెరిగింది.

చప్పుడును డెసిబెళ్ళలో కొలుస్తారు. మనం మాట్లాడుకునే మాట సుమారు 60. రాతిని తొలిచే గాలిడ్రిల్లు దగ్గర 100 దాటుతుంది. ఈ లెక్కలో ఒక తమాషా ఉన్నది: 10 డెసిబెళ్ళు పెరిగితే చప్పుడు శక్తి 10 రెట్లవుతుంది, 20 పెరిగితే 100 రెట్లు!

మన చెవి లోపల నత్తగుల్ల ఆకారంలో ఒక గొట్టం ఉన్నది. అందులో సుమారు 15,000 సన్నని రోమకణాలు ఉంటాయి. శబ్దానికి అవి వరిచేను గాలికి ఊగినట్టు ఊగుతాయి. పెద్ద చప్పుడు రోజూ గంటలకొద్దీ తగిలితే చేను పడిపోయినట్టే పడిపోతాయి. కోడికి అవి చస్తే మళ్ళీ మొలుస్తాయి. మనిషికి మొలవవు. ఈ విషయంలో కోడే మనకన్న అదృష్టవంతురాలు!

ఈ చెవుడు నొప్పి లేకుండా వస్తుంది. మొదట సన్నని శబ్దాలు పోతాయి. ‘స’, ‘త’, ‘క’ వంటి అక్షరాలు జారిపోతాయి. మాట వినిపిస్తుంది గాని అర్థం కాదు. ఇంట్లో టీవీ గట్టిగా పెడుతూంటే, “నాయినకు చెవుడొచ్చింది,” అని పిల్లలు నవ్వుతారు. అది నవ్వవలసిన సంగతి కాదు.

ఇది కొత్త జబ్బేమీ కాదు. 1886లో గ్లాస్గో నగరంలో థామస్ బార్ అనే వైద్యుడు, బాయిలర్లు తయారుచేసే 100 మంది చెవుల దగ్గర గడియారం పెట్టి, టిక్కుటిక్కులు ఎంత దూరాన వినిపిస్తాయో చూశాడు. ఒక్కరికీ సరైన వినికిడి లేదు. మన దేశంలో గనుల భద్రతా శాఖ 1975లో 8 గంటల పనికి 85 డెసిబెళ్ళను హెచ్చరిక హద్దుగానూ, 90ని ప్రమాదపు హద్దుగానూ పెట్టింది.

మరి చెవిలో దూది పెట్టుకుంటే సరిపోదా? చాలదు. దూది చప్పుడును పెద్దగా ఆపదు. నురుగురబ్బరు బిరడాను సన్నగా నలిపి, చెవిని పైకి లాగి లోపలికి తోసి, అది ఉబ్బేదాకా వేలితో పట్టుకోవాలి. కాని ఉక్కలో చెమట పోసి దురద పెడుతుంది. పైగా, “చెవి మూసుకుంటే కప్పు మాట వినేదెట్లా?” అని పనివాడు దాన్ని తీసి జేబులో వేసుకుంటాడు. అతని భయం ఉత్తది కాదు. అందుకే ముందు యంత్రం నోరు మూయాలి: గాలి వదిలేచోట సైలెన్సరు, వదులైన మరలకు బిగింపు, పైన ఓపెన్‌కాస్టు గనిలో డంపరు నడిపేవాడికి అద్దాల గది. ఒక్కడే రోజంతా చప్పుడులో ఉండకుండా మనుషులను మార్చాలి. మిగిలిన మోతకే బిరడా.

సర్దారు కప్పును తట్టే సమయానికి పక్కనున్న యంత్రం ఆగాలి. బిరడా బయటికి రావాలి. అప్పుడు కడ్డీ లేస్తుంది, అందరూ వింటారు.