సముద్రానికి పోయే దారిలో ఒక పూట పుస్తకాలకు

వేటపాలెం: శని, ఆదివారాల్లో చీరాల, వేటపాలెం స్టేషన్లలో రైలు దిగే పొరుగూరివారిలో చాలామంది చూపు తూర్పువైపే ఉంటుంది. ఆటో మాట్లాడుకుని వాడరేవుకో, రామాపురానికో బయలుదేరుతారు. పిల్లల చేతిలో బంతి, పెద్దల చేతిలో పులిహోర డబ్బా. పొద్దుగూకేసరికి ఒళ్లంతా ఇసుకతో తిరుగుముఖం పడతారు.

వీరు చూడకుండా వెళ్లిపోయే చోటు ఒకటి వేటపాలెంలో ఉంది. అది సారస్వత నికేతనం గ్రంథాలయం. ఈ వారం కాకపోతే వచ్చే వారం వచ్చినా సముద్రం అక్కడే ఉంటుంది. ఈ గ్రంథాలయంలోని పాత కాగితాలకు మాత్రం ఆ ధీమా లేదు.

1918లో వి.వి. శ్రేష్ఠి ముందు నిలవగా దీనిని నెలకొల్పారు. అప్పటికి విజయవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టి నాలుగేళ్లయింది. అయ్యంకి వెంకటరమణయ్య వంటివారు ఊరూరా గ్రంథాలయం ఉండాలని కాలికి బలపం కట్టుకుని తిరుగుతున్న రోజులవి. మరి మూడేళ్లకు, 1921లో, పక్కనున్న చీరాల, పేరాల ప్రజలు పురపాలక పన్నులకు ఎదురు తిరిగారు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట ఇళ్లు వదిలి ఊరి బయట పాకల్లో కాపురం పెట్టారు. ఆ పాకల ఊరికి రామనగరం అని పేరు. ఆ వేడిలో పెరిగిన సంస్థ ఇది. 1929లో గాంధీజీ వచ్చి భవనానికి శంకుస్థాపన చేశారు. ఆయన చేతికర్రను ఇక్కడ భద్రపరిచారు. కర్ర చూసి పుస్తకాలు చూడకుండా వెళ్లేవారూ లేకపోలేదు!

అసలు నిధి బీరువాల్లో ఉంది. ఆంధ్రపత్రిక, కృష్ణాపత్రిక, భారతి వంటి పత్రికల తాతల నాటి సంపుటాల కోసం పరిశోధకులు దూర ప్రాంతాల నుంచి వెతుక్కుంటూ వస్తారు. అయితే ఈ నిధి చదువుకున్న పెద్దలకే పనికివచ్చేదని అనుకోనక్కరలేదు. పాత దినపత్రిక తిరగేస్తే ఆనాటి ధరలు, తుపాను వార్తలు, సంతానం లేనివారికి మందులంటూ వేసిన ప్రకటనలు, సినిమా బొమ్మలు కనిపిస్తాయి. అక్షరం వచ్చిన రైతుకు, చేనేత కార్మికునికి కూడా గంటసేపు ఇట్టే గడిచిపోతుంది.

చిక్కు ఏమిటంటే, పత్రికల కాగితం చెక్కగుజ్జుతో చేసినది. అందులోని ఆమ్లం లోలోపలే పనిచేసి కాగితాన్ని పసుపుపచ్చగా మార్చి, ఆపైన అప్పడంలా చేస్తుంది. దానికి ఉప్పుగాలి చెమ్మ, చెదలు తోడు. అచ్చయిననాడు ఎవరూ వీటిని నూరేళ్లు దాచాలనుకోలేదు. ఇక్కడివారు దాచారు.

ప్రజలు నిలబెట్టిన ఇటువంటి సంస్థకు దాతల చేయి ఎప్పుడూ కావాలి. ఇక ప్రభుత్వ గ్రంథాలయాల సంగతి చూస్తే, ఇంటి పన్ను కట్టే ప్రతివారూ రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు కడుతున్నారు. ఈ సంగతి తెలియనివారు పల్లెల్లో పెక్కుమంది. పంచాయతీలు, పురపాలక సంఘాలు ఆ సొమ్ము వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ కట్టాలి. బకాయిలు పేరుకుపోవడం మాత్రం పాత కథే. డబ్బు కట్టిన ఊరివారు గ్రంథాలయం మెట్లెక్కి అడగకపోతే ఇంకెవరు అడుగుతారు?

జీడిపప్పు ఘుమఘుమ

పుస్తకాల తరువాత ఆకలి సంగతి. పొద్దున చీరాలలో దిగినవారు ఏదో ఒక టిఫిన్ హోటల్లో ఇడ్లీ, మినపట్టుతో కడుపు నింపుకోవచ్చు. మధ్యాహ్నం గోంగూర, ముద్దపప్పు, గడ్డపెరుగుతో భోజనం. చేపలు తినేవారికి రేవు దగ్గర వేపుడు వాసనే దారి చూపుతుంది.

వేటపాలెం పేరు చెప్పగానే నోరూరేది జీడిపప్పుకే. గింజను కాల్చి, పైపెచ్చు కొట్టి, పప్పు చితకకుండా తీయడం మాటలు కాదు. పెచ్చులోని జీడి అంటితే చర్మం పొక్కుతుంది. అందుకే ఆ పని చేసే ఆడవారు చేతులకు బూడిదో, నూనెో పట్టించుకుంటారు. గుండు ఒక ధర, బద్ద ఒక ధర, ముక్క మరొక ధర. పాయసంలోకి అయితే బద్ద చాలు. గుండు కోసం గొప్పకు పోనక్కరలేదు.

సముద్రం దగ్గర మాత్రం జాగ్రత్త అవసరం. చూడడానికి ఒడ్డు చదునుగానే ఉంటుంది గాని, తిరుగు అల కాలికింద ఇసుకతో సహా లాగుతుంది. స్నానానికి దిగి ప్రాణాలు పోగొట్టుకున్నవారున్నారు. పోలీసులు పర్యాటకులను నీటిలోకి దిగనివ్వని సందర్భాలూ ఉన్నాయి. వారు వద్దన్ననాడు ఒడ్డున కూర్చుని వేయించిన వేరుశనక్కాయలు తినడమే మేలు.

గ్రంథాలయం ఏ వేళకు తెరుస్తారో ముందుగా కనుక్కుని బయలుదేరడం మంచిది. పిల్లలను కూడా తీసుకువెళ్లి, తాత పుట్టిన ఏటి పత్రిక ఉందేమో అడిగి చూడవచ్చు. కాగితం పెళుసు కనుక పేజీ తిప్పే పని మాత్రం పెద్దలే చేయాలి.