సూక్ష్మదర్శినిలో పాలపన్ను

కూచిపూడి గ్రామమున నాట్యము తరతరములుగా తండ్రి నుండి కుమారునకు వచ్చిన విద్య. అయినను అది సాధన లేనిదే పట్టుబడదు. ఏ సాధనయు లేకయే తల్లిదండ్రుల నుండి బిడ్డకు సంక్రమించునవి వేరే ఉన్నవి. పంటి కట్టుబడి వానిలో ఒకటి.

కొందరు పసివారికి పాలపళ్ళు వచ్చుటయే బూడిదరంగుగనో, తేనెరంగుగనో వచ్చును. ఆపై కొలది ఏండ్లలోనే అవి చిగుళ్ళ వరకు అరిగిపోవును. ‘పళ్ళు తోమించలేదు, మిఠాయిలు పెట్టినది’ అని ఇరుగుపొరుగువారు తల్లిని ఆక్షేపింతురు. కొందరు నీటి దోషమందురు. ఈ రెండును కాని కారణము మరియొకటి కలదు. దానిని వైద్యులు డెంటినోజెనిసిస్ ఇంపర్‌ఫెక్టా అందురు. డెంటిన్ సరిగా ఏర్పడకపోవుట అని అర్థము.

ముందు ఆరోగ్యమైన పంటిని చూతము. పైన గట్టి పింగాణి పొర. దాని క్రింద డెంటిన్. నడుమ నరములు, రక్తనాళములు గల మెత్తని గుజ్జు. పంటిలో అధికభాగము డెంటినే. పంటిని పలుచగా అరగదీసి సూక్ష్మదర్శినిలో చూచినచో, గుజ్జు నుండి పింగాణి వైపునకు సాగిన సన్నని నాళికలు కనబడును. చదరపు మిల్లీమీటరులో ఇవి పదుల వేలు. నాటిన వరిచేను వలె దగ్గర దగ్గరగా, ఒకే వాలుగా ఉండును.

లోపమున్న పాలపంటిలో పింగాణిని ఆనుకొనిన పలుచని డెంటిన్ పొర చాలవరకు సక్రమముగనే ఉండును. ఇంకను లోపలికి పోయిన కొలది నాళికలు తగ్గును. ఉన్నవి కొన్ని వెడల్పై వంకరలు తిరుగును. నాళికలే లేని చోట్లు, ఖనిజము సరిగా చేరని చోట్లు అగపడును. గుజ్జుండు గదిని డెంటినే క్రమముగా పూడ్చివేయును. ఇట్టి డెంటిన్‌లో ఖనిజము తక్కువ, నీరు ఎక్కువ. అందుచే అది మెత్తన. పింగాణి సాధారణముగా మంచిదే. కాని గోడ మెత్తబడిన చోట గచ్చు నిలువనట్లు, అదియు పెచ్చులుగా ఊడిపోవును.

దీనికి మూలము నాల్గవ క్రోమోజోముపై గల డి.యస్.పి.పి. అను జన్యువులోని మార్పు అని 2001లో తేలినది. తల్లిదండ్రులలో ఒకరికి ఉన్నచో ప్రతి బిడ్డకును, ఆడయైనను మగయైనను, సగము అవకాశము కలదు. ఎముకలు తేలికగా విరుగు వ్యాధితో కలసి వచ్చు రకము వేరు. దానికి మూలము కొల్లాజెన్ జన్యువులు. కావున బిడ్డ ఎముకలను గూర్చియు వైద్యునకు చెప్పవలెను.

1937లో నాటి నెల్లూరు జిల్లాలో వైద్యులు వర్ణించిన ఫ్లోరోసిస్ ఇది కాదు. అది నీటిలోని ఫ్లోరైడు వలన కలుగును; ముఖ్యముగా పింగాణిని చెరచును; పాలపళ్ళ కంటె తరువాత వచ్చు పళ్ళలోనే హెచ్చుగా కనబడును. ఊరి పిల్లలు పలువురిలో మచ్చలున్నచో నీటిని పరీక్షింపవలెను. అదే నీరు త్రాగుచున్నను ఒక్క కుటుంబముననే తరతరములుగా పళ్ళు అరుగుచున్నచో, ఆ వంశ వృత్తాంతమును విచారింపవలెను.

ఇందుకు బిడ్డ పంటిని పీకి పరీక్షింప నవసరము లేదు. పంటి రంగు, ఎక్స్-రే చిత్రము, కుటుంబ వృత్తాంతము చాలును. అరుగుదల ముదరక మునుపే దవడపళ్ళకు ఉక్కు తొడుగులు వేయించినచో అవి నిలుచును. ‘ఊడిపోవు పళ్ళే కదా’ అని ఉపేక్షింపరాదు. బిడ్డ నమలుటయు, మాటయు, నవ్వును అంతవరకు వానిపైననే ఆధారపడియున్నవి.

శ్రోతలకు మేము మనవి చేయునది ఒక్కటే: తల్లిని నిందించుటకు ముందు బిడ్డను దంతవైద్యునకు చూపుడు.